వారం మొత్తం ఇస్తాంబుల్‌కే ఇచ్చేయండి

ప్రశ్న: మాది హైదరాబాద్. వచ్చే ఏప్రిల్ చివర్లో మొదటిసారి ఇస్తాంబుల్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, పన్నెండేళ్ల బాబు, 64 ఏళ్ల మా అత్తయ్యగారు. శనివారం పొద్దున దిగుతాం, మళ్లీ వచ్చే శనివారం రాత్రి తిరుగు ఫ్లైట్. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు, మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. ట్రావెల్ ఏజెంట్ ఏమో రెండ్రోజులు ఇస్తాంబుల్, మిగతా రోజులు కపడోకియా, పాముక్కలే, ఎఫెసస్ కలిపి ప్యాకేజీ ఇస్తానంటున్నాడు, ఒకే ఊళ్లో వారం ఉంటే బోర్ అంటున్నాడు. నాకేమో హడావిడి ఇష్టం లేదు. నాకూ మావారికీ అమెరికా వీసా ఉంది, అత్తయ్యగారికీ బాబుకీ లేదు. అసలు ఇప్పుడు టర్కీ ఎందుకని బంధువులు కూడా అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

ముందు గట్టిగా చెప్పేస్తానండి, ఆ ప్యాకేజీ తీసుకోకండి. మ్యాప్‌లో దగ్గరగా కనిపిస్తాయి గానీ ఇస్తాంబుల్ నుంచి కపడోకియాకి బస్సులో పది పన్నెండు గంటలు, అక్కణ్ణుంచి పాముక్కలేకి మళ్లీ రాత్రంతా ప్రయాణం, ఆ తర్వాత ఎఫెసస్‌కి ఇంకో మూడు గంటలు, పోనీ ఫ్లైట్లు పెట్టుకున్నా ఎయిర్‌పోర్టుకి ముందే పోవడం, బ్యాగులు సర్దడం, రూము ఖాళీ చేయడం, కొత్త రూము వెతుక్కోవడం, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని వారంలో నాలుగు హోటళ్లు మార్పిస్తే ఆవిడ చూసేదేముంటది చెప్పండి. పైగా కపడోకియా పోయేదే బెలూన్ కోసం, గాలి ఎక్కువుంటే ఆ రోజు బెలూన్లు ఎగరనివ్వరు, రేపు రమ్మంటారు, ఆ రేపు మీ ప్యాకేజీలో ఉండదు. కపడోకియాకి మూడు రాత్రులు విడిగా పెట్టుకుని ఇంకోసారి వెళ్లండి, అది కూడా గొప్ప చోటే, కానీ ఈసారి కాదు.

బోర్ సంగతి. 330లో కాన్‌స్టాంటైన్ రాజధాని చేసుకున్నప్పటి నుంచి 1922లో ఒట్టోమన్ సుల్తాన్ గద్దె దిగేదాకా ఆ ఊరు దాదాపు పదహారు వందల ఏళ్లు సామ్రాజ్యాలకి రాజధానిగా ఉంది, ముందు రోమన్లు, అంటే మనం బైజాంటైన్ అంటామే వాళ్లు, 1453 నుంచి ఒట్టోమన్లు. అలాంటి ఊరికి ఏడు రోజులు ఎక్కువ కాదండి, సరిగ్గా సరిపోతాయి, అదీ పరుగెత్తకుండా ఉంటేనే. నా సలహా అంతా ఇదే, రోజుకి ఒక పెద్ద చోటు పొద్దున్నే చూసేయండి, మధ్యాహ్నం ఖాళీగా ఉంచండి, సాయంత్రం నీళ్ల దగ్గరికి పోండి. ఆ ఊరు మొత్తం నీళ్ల చుట్టూ కట్టుకున్న ఊరు. బాస్ఫరస్ జలసంధి యూరప్ వైపునీ ఆసియా వైపునీ విడదీస్తది, గోల్డెన్ హార్న్ అనే పాయ పాత నగరాన్నీ గలాటా వైపునీ విడదీస్తది, దక్షిణాన మర్మరా సముద్రం. ఈ మూడూ బుర్రలో పెట్టుకుంటే దారి తప్పరు.

బంధువుల మాట గురించి. 2025 మేలో భారత్ పాకిస్తాన్ ఘర్షణ అప్పుడు టర్కీ పాకిస్తాన్ వైపు మాట్లాడిందని మనవాళ్లు చాలామంది ట్రిప్పులు కాన్సిల్ చేసుకున్నారు, ఆ కోపం నేను తప్పు పట్టను. వెళ్లాలా వద్దా అనేది మీ ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది. వెళ్తే మాత్రం టికెట్లూ హోటలూ కాన్సిల్ చేస్తే డబ్బులు తిరిగొచ్చేవే బుక్ చేయండి, బయల్దేరేముందు మన విదేశాంగ శాఖ సూచనలు ఒకసారి చూసుకోండి.

వీసా పని ఇవాళే మొదలుపెట్టండి, ఎందుకంటే మీ ఇంట్లో రెండు రకాలున్నాయి. అమెరికా, యూకే, ఐర్లాండ్, షెంగెన్ వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ ఉన్న ఇండియన్స్‌కి ఆన్‌లైన్లో ఈ-వీసా ఇస్తారు, అంటే మీకూ మీవారికీ అది చాలు, కానీ ఆ అమెరికా వీసా మీరు అక్కడ దిగే రోజుకి కూడా చెల్లుబాటులో ఉండాలి. అత్తయ్యగారికీ బాబుకీ మాత్రం పాస్‌పోర్టులో వేసే స్టిక్కర్ వీసా కావాలి, తల్లిదండ్రులకి ఈ-వీసా ఉంది కదా అని పిల్లాడికి రాదు. అది వీసా సెంటర్ ద్వారా అప్లై చేయాలి, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, టికెట్లు, హోటల్ బుకింగ్, ఇన్సూరెన్స్ అన్నీ అడుగుతారు, కాబట్టి రెండు నెలల ముందే ఇచ్చేయండి. ఈ-వీసాకి గూగుల్ చేస్తే పైన వచ్చేవి చాలావరకు మధ్యవర్తుల సైట్లు, డబల్ డబ్బులు గుంజుతారు, అడ్రస్ చివర జీఓవీ డాట్ టీఆర్ అని ఉన్న ప్రభుత్వ సైట్‌లోనే కట్టండి.

ఎక్కడ ఉండాలి అంటే, మీ నలుగురికీ సిర్కెజి ఏరియా. సుల్తానహ్మెత్‌లో ఉండమని అందరూ చెప్తారు, తప్పేం కాదు, గుమ్మం దిగితే హగియా సోఫియా, కాకపోతే రేట్లు ఎక్కువ, తిండి కూడా టూరిస్టులని చూసే వండుతారు. గలాటా, తక్సిమ్ వైపు చూడ్డానికి బాగుంటది, యూత్ అంతా అక్కడే ఉంటారు, కానీ ఆ నిట్టనిలువు వీధులు అత్తయ్యగారు రోజూ ఎక్కలేరు, ఫోటోల్లో ఆ ఎత్తు తెలీదు. సిర్కెజి అయితే టీ1 ట్రామ్ ముందే ఉంటది, రెండు స్టాపులు ఎక్కితే సుల్తానహ్మెత్, ఇటు పది నిమిషాలు చదునుగా నడిస్తే ఎమినోను రేవు, సముద్రం కింద నుంచి ఆసియాకి పోయే మర్మరాయ్ ట్రైన్ కూడా అక్కడే ఆగుతది. రూము బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందా, మెయిన్ డోర్ నుంచి లిఫ్ట్ దాకా మెట్లున్నాయా అని మెసేజ్ పెట్టి అడగండి, అక్కడ పాత బిల్డింగుల్ని హోటళ్లు చేశారు, లిఫ్ట్ ఉన్నా దాని ముందు ఎనిమిది మెట్లుంటాయి. ఇంకోటి, టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టో చూసుకోండి, కొత్త ఇస్తాంబుల్ ఎయిర్‌పోర్ట్ యూరప్ వైపు ఉంది, సబీహా గోక్చెన్ ఆసియా వైపు చాలా దూరం. మెట్రో ఉంది, బస్సులున్నాయి, కానీ నలుగురు, సామాను, పెద్దావిడ, రాత్రంతా నిద్ర లేకుండా దిగుతారు, ఆ ఒక్కరోజు హోటల్ వాళ్లనే కారు పంపమనండి, డబ్బులకి చూడొద్దు.

ఇప్పుడు అసలు చిక్కు, సెలవు రోజులు. టోప్‌కాపీ ప్యాలెస్ మంగళవారం మూత, దోల్మాబాహ్చే ప్యాలెస్ సోమవారం మూత, గ్రాండ్ బజార్ ఆదివారం మూత, మసీదుల్లో శుక్రవారం మధ్యాహ్నం పెద్ద నమాజు కాబట్టి ఆ పూట టూరిస్టులని రానివ్వరు, మామూలు రోజుల్లో కూడా ఐదు నమాజుల టైమ్‌లో ఆపేస్తారు, మధ్యాహ్నం నమాజు ఒంటిగంట దాటాక ఉంటది. అంటే వారాన్ని ఈ నాలుగు మూతల చుట్టూ అల్లుకోవాలి, అది తెలీక మంగళవారం టోప్‌కాపీ గేటు దాకా పోయి తిరిగొచ్చేవాళ్లు బోల్డుమంది. ఏప్రిల్ 23 వాళ్లకి జాతీయ సెలవు, పిల్లల పండగ కూడా, ఆ రోజు ఊరంతా రోడ్డు మీదే ఉంటది. మీ తేదీలు మే 1కి తగిలితే ఆ రోజు తక్సిమ్ ఛాయలకి పోకండి, మెట్రో స్టేషన్లు మూసేస్తారు. రంజాన్, బక్రీద్ సెలవులు ఏటా పదకొండు రోజులు ముందుకి జరుగుతుంటాయి, తేదీలు ఫైనల్ చేసేముందు అవి కూడా చూసుకోండి.

దిగిన శనివారం ఏమీ పెట్టుకోకండి. పడుకుని లేచి సాయంత్రం ట్రామ్ ఎక్కి సుల్తానహ్మెత్ మైదానంలో తిరగండి, అది ఒకప్పుడు రథాల పందేలు జరిగిన హిప్పోడ్రోమ్, ఇప్పుడు టికెట్ లేని పార్కు. అక్కడ నిలబడ్డ రాతి స్తంభం ఈజిప్టు రాజు మూడో థుట్మోస్‌ది, దాన్ని థియోడోసియస్ చక్రవర్తి 390లో అక్కడ నిలబెట్టాడు, పక్కనే మెలితిరిగిన కంచు పాముల స్తంభం గ్రీకులు క్రీ.పూ. 479లో పర్షియన్లని ఓడించి డెల్ఫీ గుళ్లో పెట్టుకున్నది. మీ బాబుకి చెప్పండి, మూడున్నర వేల ఏళ్ల నాటి రాయి పక్కన జనం ఐస్‌క్రీం తింటూ కూర్చున్నారు అని.

ఆదివారం బజార్ లేదు కాబట్టి గుల్హానే పార్కు, పక్కనే ఉన్న ఆర్కియాలజీ మ్యూజియం. ఏప్రిల్‌లో ట్యులిప్ పూలు ఊరంతా నాటుతారు, నెల చివరికొచ్చేసరికి కొన్ని రాలిపోతాయి గానీ ఇంకా బాగానే ఉంటాయి. మ్యూజియంలో అలెగ్జాండర్ శవపేటిక అని ఒకటుంది, పేరుకే అలెగ్జాండర్‌ది, నిజానికి సిడాన్ రాజుల సమాధుల్లో దొరికింది, 1887లో ఆ మ్యూజియం అధిపతి ఉస్మాన్ హమ్దీ బే తవ్వి తెచ్చాడు, ఆ పాలరాతి మీద యుద్ధం చెక్కిన తీరు చూస్తే గుర్రాలు బయటికి దూకుతాయేమో అనిపిస్తది. టోప్‌కాపీకి వచ్చే జనంలో చాలామంది దీని ముందు నుంచే నడిచి వెళ్లిపోతారు, నాకు బాధేస్తది.

సోమవారం పొద్దున తొమ్మిదికల్లా హగియా సోఫియా దగ్గర ఉండండి, అక్కడివాళ్లు అయాసోఫ్యా అంటారు. 532లో అల్లర్లలో పాత చర్చి తగలబడితే జస్టీనియన్ చక్రవర్తి ఐదేళ్లలో, 537కల్లా ఇది కట్టించేశాడు, గుమ్మటం వెడల్పు దాదాపు 31 మీటర్లు, నేల నుంచి 55 మీటర్ల ఎత్తు. 1453లో మసీదైంది, 1930ల్లో మ్యూజియం, 2020లో మళ్లీ మసీదు. 2024 నుంచి విదేశీ టూరిస్టులకి 25 యూరోల టికెట్ పెట్టారు, కింద హాలు నమాజు చేసేవాళ్లకే, మనం పై గ్యాలరీలోకి ఎక్కాలి. నలుగురికి 100 యూరోలు ఎక్కువే, అయినా మానొద్దు, రంగు రాళ్ల ముక్కలతో అతికిన బొమ్మలు, అంటే మొజాయిక్‌లన్నీ దాదాపు పైనే ఉన్నాయి, క్రీస్తు, మేరీ, జాన్ ముగ్గురూ ఉన్న డీసిస్ మొజాయిక్ ముందు కాసేపు నిలబడండి. అక్కడే 1204లో ఆ ఊరిని దోచుకున్న క్రూసేడర్లని నడిపించిన వెనిస్ ముసలి పాలకుడు దాందోలో పేరున్న రాయి ఉంటది, పాలరాతి కమ్మీ మీద ఏ వైకింగ్ సైనికుడో గీకిన పేరు ఉంటది, ఇవి వెతకమని బాబుకి పని అప్పజెప్పండి, ఇంక బోర్ అనడు. ఈ మధ్య గుమ్మటం రిపేర్లు నడుస్తున్నాయి, లోపల ఇనప పరంజా అడ్డంగా కనపడొచ్చు, ముందే తెలిస్తే నిరాశ ఉండదు. అత్తయ్యగారిని మెల్లగా ఎక్కించండి, కుదరదంటే బయట మైదానంలో బెంచీలున్నాయి, ఒకరు ఆవిడ దగ్గర కూర్చుని మార్చి మార్చి చూడండి.

అక్కణ్ణుంచి పదకొండు లోపు బ్లూ మాస్క్. టికెట్ లేదు. 1609లో మొదలుపెట్టి 1616 ప్రాంతంలో పూర్తి చేశారు, ఆరు మినార్లు, లోపల ఇరవై వేలకి పైగా ఇజ్నిక్ టైల్స్. చున్నీలు బ్యాగులో ఉంచుకోండి, తల కప్పుకోవాలి, చెప్పులు చేత్తో పట్టుకెళ్లడానికి ఒక కవరు పెట్టుకోండి, మగవాళ్లకి కూడా షార్ట్స్ కుదరవు. భోంచేశాక ఓపికుంటే యెరెబతాన్, భూమి కింద నీళ్ల ట్యాంకు, జస్టీనియన్ నాటిదే, 336 స్తంభాలు, చివర్లో రెండు స్తంభాల కింద మెడూసా తలలు, ఒకటి తలకిందులుగా ఒకటి పక్కకి. దిగడానికి మెట్లున్నాయి, లోపల తడిగా ఉంటది, అత్తయ్యగారికి ఆ పూట రూములో రెస్ట్ ఇచ్చేయండి.

మంగళవారం గ్రాండ్ బజార్, ఎందుకంటే ఆ రోజు టోప్‌కాపీ ఎలాగూ మూత. ట్రామ్‌లో బెయాజిత్ దిగితే బజార్ ముందే. నాలుగు వేల దాకా షాపులు, అరవై వీధులు, పైన కప్పు, మొదలుపెట్టింది 1450ల్లో. నా మట్టుకు నేను కొనేది తక్కువ చూసేది ఎక్కువ చేయమంటాను, బేరం మీరు బాగానే ఆడతారు, ఆ విషయంలో హైదరాబాద్ వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కణ్ణుంచి సులేమానియే మసీదుకి పోండి, ఇది అస్సలు వదలకండి, ఆ ఊళ్లో ఒక్కటే కట్టడం చూడు అంటే నేను దీని పేరే చెప్తా. సినాన్ అనే వాస్తుశిల్పి 1550 నుంచి 1557 దాకా కట్టాడు, సుల్తాన్ సులేమాన్ కోసం. బ్లూ మాస్క్‌లో ఉన్నంత డెకరేషన్ ఇక్కడ లేదు, వెలుతురూ ఖాళీ స్థలమూ ఉన్నాయి, లోపలికి అడుగు పెట్టగానే మనిషి గొంతు దానంతటదే తగ్గుతది. వేల నూనె దీపాల మసి గోడల మీద పడకుండా గాలి మొత్తం గుమ్మం పైన ఒక గదిలోకి పోయేలా చేసి, ఆ మసిని పోగుచేసి రాతగాళ్లకి సిరా చేసేవాళ్లంట, కట్టేటప్పుడే అంత ఆలోచించాడు ఆయన. వెనక తోటలో సులేమాన్, ఆయన భార్య హుర్రెమ్ సమాధులు, బయట వీధి మూల మీద సినాన్ సమాధి, చాలా చిన్నది, తన కోసం అంతే కట్టుకున్నాడు. ఉత్తరం వైపు గోడ దగ్గరికి పోతే గోల్డెన్ హార్న్, గలాటా, బాస్ఫరస్ అన్నీ ఒకేసారి కనపడతాయి, అత్తయ్యగారు అక్కడ ఎంతసేపు కూర్చుంటే అంతసేపు కూర్చోనివ్వండి. కిందికి ఎమినోను దాకా దిగే వీధి వాలు ఎక్కువ, మోకాళ్లకి ఎక్కడం కంటే దిగడమే నొప్పి కాబట్టి ఆవిడకి ట్యాక్సీ మాట్లాడండి, మీరు నడుచుకుంటూ దిగండి, దార్లో రుస్తెమ్ పాషా మసీదు వస్తది, షాపుల పైన మేడ మీద ఉంటది, ఇరుకు మెట్లు, కనపడక చాలామంది దాటిపోతారు, టైల్స్ మాత్రం ఊరి మొత్తంలో ఇవే అందం. కిందే స్పైస్ బజార్, ఆదివారం కూడా తెరిచే ఉంటది కాబట్టి తొందరేం లేదు.

బుధవారం పడవ. ఎమినోను రేవు నుంచి నగరపాలక సంస్థ ఫెర్రీ, షెహిర్ హత్లారీ అంటారు, బాస్ఫరస్ పొడవునా నల్ల సముద్రం వైపు ఆఖరి రేవు అనాదోలు కవాయీ దాకా పోతది, పోను గంటన్నర పైనే, అక్కడ రెండు మూడు గంటలు ఆగి మళ్లీ వెనక్కి. రేవులో అరుస్తూ పిలిచే ప్రైవేట్ బోట్ల వాళ్లు సగం దూరం పోయి తిరిగొస్తారు, అది కాదు, ఇది ఎక్కండి, టైమ్ ముందురోజే కనుక్కుని అరగంట ముందు పోయి పైన సీట్లు పట్టుకోండి. పోయేటప్పుడు ఎడమ చేతి వైపు యూరప్, దోల్మాబాహ్చే, ఒర్తాకోయ్ మసీదు, తర్వాత కొండ మీద రుమేలీ కోట. 1452లో ఒట్టోమన్ సుల్తాన్ రెండో మెహ్మెత్ నగరం మీదికి వచ్చే ముందు ఆ కోట నాలుగైదు నెలల్లో కట్టించాడు, జలసంధి అక్కడే అన్నిటికంటే ఇరుకు, 700 మీటర్లే, పై నుంచి వచ్చే ఓడలని అక్కడ ఆపేస్తే ఊరికి తిండి ఆగిపోతది. మరుసటేడు మే 29న ఊరు పడిపోయింది. కుడి చేతి వైపు ఆసియా, చెక్క బంగళాలు నీళ్ల అంచునే, వాటిని యాలీలు అంటారు. దారిలో రెండు బ్రిడ్జిల కింద నుంచి పోతారు, 1973, 1988లో కట్టినవి, 2016 నాటి మూడోది ఇంకా ఉత్తరాన ఉంది, దూరం నుంచే కనపడతది. బాబుకి ఇంకోటి చెప్పండి, పైన నీళ్లు నల్ల సముద్రం నుంచి మర్మరా వైపు పారుతుంటే అడుగున ఉప్పెక్కువ బరువు నీళ్లు ఎదురుదిశలో పారుతుంటాయి, ఒకే జలసంధిలో రెండు ప్రవాహాలు. పడవలో గ్లాసుల్లో టీ అమ్ముతారు, సిమిత్ అనే నువ్వులద్దిన గుండ్రటి రొట్టె కొనుక్కుని సగం మీరు తిని సగం సీగల్స్‌కి వేయండి. గాలి మాత్రం చలిగా ఉంటది, ఏప్రిల్ అయినా అత్తయ్యగారికి స్వెటరూ స్కార్ఫూ తప్పనిసరి. ఇంత అయ్యాక కూడా ఆవిడ పడవ మెట్లు తప్ప ఇంకేమీ ఎక్కలేదన్నమాట, అందుకే ఈ రోజుని వారం మధ్యలో పెట్టా.

గురువారం టోప్‌కాపీ. మూత రోజు తర్వాతి రోజు కాకుండా ఇంకో రోజు ఆగి వెళ్తే రద్దీ కాస్త తక్కువ. పొద్దున గేటు తీసేసరికి ఉండి ముందు హరేమ్ చూసేయండి, తర్వాత ఖజానా. 86 క్యారెట్ల స్పూన్‌మేకర్ వజ్రం ముందు అందరూ గుమిగూడతారు, నేను చూడమనేది పచ్చలు పొదిగిన బాకు. ఢిల్లీని 1739లో దోచుకుపోయిన నాదిర్‌షాకి కానుకగా ఇద్దామని సుల్తాన్ దాన్ని చేయించి పంపాడు, అది చేరేలోపే 1747లో ఆయన్ని సొంత మనుషులే చంపేశారు, కానుక వెనక్కొచ్చేసింది. ఆవరణలన్నీ పెద్దవి, రాళ్లు పరిచిన నేల, ఆఖరి ఆవరణలో తోట, బాగ్దాద్ మండపం, అక్కడ కూర్చోండి. ఈ ఒక్క రోజు వేరే ఏదీ కలపొద్దు.

శుక్రవారం దోల్మాబాహ్చే, అదీ మీరు హైదరాబాద్ వాళ్లు కాబట్టి గట్టిగా చెప్తున్నా. మామూలుగా అయితే అద్దాలూ షాండ్లియర్లూ చూసి వచ్చేస్తారు, నాలుగున్నర టన్నుల షాండ్లియర్ ఒకటుంది నిజమే, టర్కీ రిపబ్లిక్ స్థాపించిన అతాతుర్క్ 1938 నవంబర్ 10న కన్నుమూసిన గది ఉంది, గడియారం 9:05 దగ్గర ఆపేసి ఉంటది. కానీ చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ ఉన్న ఇల్లు కూడా అదే. 1924 మార్చిలో ఒక్క రాత్రిలో ఆయన్నీ కుటుంబాన్నీ దేశం దాటించేశారు, అప్పుడు ఆయన కూతురు దుర్రుషెహ్వర్ పదేళ్ల పిల్ల. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఆ అమ్మాయికి ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జాతోనూ, సుల్తాన్ల ఆడపడుచుల వంశంలో పుట్టిన నీలోఫర్‌కి రెండో కొడుకు మొఅజ్జం జాతోనూ పెళ్లిళ్లయ్యాయి. మన నీలోఫర్ హాస్పిటల్ పేరు ఆ నీలోఫర్‌దే, ఇస్తాంబుల్‌లో పుట్టిన అమ్మాయి పేరు. అత్తయ్యగారి వయసు వాళ్లకి ఆ హాస్పిటల్ తెలియకుండా ఉండదు, ఆ ప్యాలెస్‌లో నిలబడి ఈ కథ చెప్పండి, ఎవరికో చెందిన మేడలా అనిపించదు. టీ1 ట్రామ్ ఆఖరి స్టాపు కబతాష్, అక్కణ్ణుంచి కొద్ది నడక.

ప్యాలెస్ అయ్యాక బెషిక్తాష్ రేవుకి పోయి కాడికోయ్ ఫెర్రీ ఎక్కండి. శుక్రవారం మధ్యాహ్నం మసీదులు కుదరవు కాబట్టి ఆసియా వైపుకి అదే మంచి టైమ్. కాడికోయ్‌లో టూరిస్టు చోట్లు లేవు, అదే దాని గొప్ప, చేపల అంగళ్లు, ఊరగాయ షాపులు, కాఫీ పొడి వాసన, కాలేజీ పిల్లలు, వీధి పిల్లులు. మోడా ఒడ్డున గడ్డి మీద కూర్చుని, ఏడున్నర ప్రాంతంలో ఎమినోనుకి తిరుగు ఫెర్రీ పట్టుకోండి, ఏప్రిల్ చివర్లో పొద్దు ఎనిమిదికి కాస్త ముందు వాలుతది, పాత ఊరు మొత్తం, గుమ్మటాలూ మినార్లూ, ఎదురుగా నిలబడి ఉంటాయి. మామూలు జనం ఆఫీసుల నుంచి ఇంటికి పోయే ఫెర్రీ అది, బస్సు టికెట్ లాంటి ధర, వందల యూరోల సన్‌సెట్ క్రూజుల కంటే నాకు ఇదే ఇష్టం. ఇస్తాంబుల్ కార్డ్ ఒకటి కొని డబ్బులేసుకుంటే ట్రామ్, మెట్రో, ఫెర్రీ అన్నిటికీ అదే, ఒకే కార్డ్ నలుగురికీ నాలుగుసార్లు ట్యాప్ చేయొచ్చు.

గలాటా టవర్ ఎక్కకపోయినా ఏమీ పోదు, కింద నుంచి చూడండి చాలు. మ్యూజియం పాస్ కొనాలా అంటే, అది హగియా సోఫియాకీ యెరెబతాన్‌కీ దోల్మాబాహ్చేకీ పనిచేయదు, మీ ప్లాన్‌లో దానితో పనొచ్చేవి టోప్‌కాపీ, ఆర్కియాలజీ మ్యూజియం అంతే, విడిగా టికెట్లే కొనండి.

తిండి గురించి భయపడకండి, కానీ అడగడం నేర్చుకోండి. ఎత్ అంటే మాంసం, ఎత్సిజ్ అంటే మాంసం లేనిది, ఎత్ సుయు అంటే మాంసం ఉడికించిన నీళ్లు. చిక్కంతా ఈ మూడోదానితోనే, పప్పు సూప్ మెర్జిమెక్, బీన్స్ కూర కురు ఫసుల్యే, ఆఖరికి తెల్లన్నం పిలావ్ కూడా ఒక్కోచోట మాంసం నీళ్లలోనో చికెన్ నీళ్లలోనో వండుతారు, కాబట్టి ఎత్ సుయు వార్ మి అని ప్రతిసారీ అడగాలి, మొహమాటపడొద్దు. ఆలివ్ నూనెలో వండి చల్లగా పెట్టే కూరలు, జెయ్తిన్యాలీ అంటారు, బీన్స్, ఆర్టిచోక్, వంకాయ, ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన సర్మా, ఇవి మాంసం లేకుండానే వండుతారు. గోజ్లెమే అంటే పల్చటి రొట్టెలో చీజో పాలకూరో ఆలూనో పెట్టి పెనం మీద కాలుస్తారు, మన కళ్ల ముందే చేస్తారు. చీ కొఫ్తే అని షాపుల్లో అమ్మేది గోధుమ రవ్వ, టమాటా, మిరపతో చేసిన మాంసం లేని ముద్ద, ఆకులో చుట్టి నిమ్మకాయ పిండి ఇస్తారు, కారంగా ఉంటది, మీ అందరికీ నచ్చుతది. మధ్యాహ్నం పూట లొకంతా అనే చిన్న హోటళ్లకి పోతే వండినవన్నీ అద్దాల వెనక కనపడతాయి, చూపించి అడిగి పెట్టించుకోవచ్చు. హోటల్ బ్రేక్‌ఫాస్ట్‌లో సుజుక్ అనే సాసేజ్ కనిపిస్తే అది బీఫ్, జాగ్రత్త. ఎన్ని చెప్పినా అత్తయ్యగారికి రోజులో ఒక పూట పెరుగన్నం పడాలి కదా, అక్కడి పెరుగు చాలా బాగుంటది, ఏ సూపర్‌మార్కెట్‌లో అయినా డబ్బాల్లో దొరుకుతది, అయ్రాన్ ఉప్పేసిన మజ్జిగే. చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, రెండు పచ్చడి ప్యాకెట్లు పెట్టుకోండి, రూములో వండుకోవచ్చో లేదో హోటల్‌ని ముందే అడగండి, లేదంటే చిన్న కిచెన్ ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకోండి. కుళాయి నీళ్లు తాగొద్దు, బాటిలే.

డబ్బులు యూరోలో డాలర్లో తీసుకెళ్లి అక్కడ కొంచెం కొంచెం లీరాల్లోకి మార్చుకోండి, ఎయిర్‌పోర్టులో రేటు దారుణం, గ్రాండ్ బజార్ చుట్టుపక్కల దోవిజ్ అని బోర్డులుండే షాపుల్లో మేలు. ధరలు అక్కడ చాలా తొందరగా పెరుగుతున్నాయి, రెండేళ్ల కిందటి వీడియోల్లో చెప్పే రేట్లు నమ్మి బడ్జెట్ వేసుకోకండి. ఏటీఎం మీ కరెన్సీలో కట్ చేయమంటారా అని అడిగితే వద్దని లీరాలే ఎంచుకోండి. ట్యాక్సీ యాప్‌లోనే పిలవండి, మీటర్ వేయకపోతే దిగిపోండి, నోటు ఇచ్చేటప్పుడు ఎంతో పైకి చెప్పి ఇవ్వండి, పెద్ద నోటిస్తే చిన్నదే ఇచ్చావనే వాళ్లున్నారు. బూట్ పాలిష్ వాడు మీ ముందు బ్రష్ పడేసుకుంటే మీవారు పాపం అని తీసి ఇస్తారు, థాంక్స్ అని బూట్లు తుడిచేసి తర్వాత డబ్బులడుగుతాడు, అది వాళ్ల పాత ట్రిక్కు, నవ్వి ముందుకెళ్లిపోండి.

ఆఖరి శనివారం పొద్దున సామాను హోటల్‌లో పెట్టేసి ట్యాక్సీలో కారియేకి పోండి, పాత కోటగోడ దగ్గర చిన్న చర్చి, ఇదీ ఇప్పుడు మసీదే, 2024లో మళ్లీ తెరిచారు, విదేశీయులకి టికెట్ ఉంది. 1300ల్లో వేసిన మొజాయిక్‌లు, హగియా సోఫియాలో ఉన్నవాటికంటే దగ్గరగా, కళ్ల ఎత్తుకి కొంచెం పైనే కనపడతాయి. ఓపిక లేకపోతే అది మానేసి స్పైస్ బజార్‌లో డ్రైఫ్రూట్సూ లోకుమ్ అనే టర్కిష్ మిఠాయీ కొనుక్కోండి, రెండిట్లో ఏదైనా సరే, రెండూ మాత్రం వద్దు, శనివారం సాయంత్రం ఎయిర్‌పోర్ట్ రోడ్డు ట్రాఫిక్ ఎక్కువ, ఫ్లైట్‌కి ఐదు గంటల ముందే హోటల్ దగ్గర కారెక్కాలి.